సిండరెల్లా కోటలో భోజనం ఆరుగురికీ అక్కర్లేదు

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి అత్తగారూ మామగారూ వచ్చారు. వచ్చే నెల అందరం ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కి నాలుగు రోజులు వెళ్తున్నాం. బాబుకి 11 ఏళ్ళు, పాపకి 7. "అక్కడిదాకా వెళ్ళి ఇవి తినకపోతే వెళ్ళనట్టే" అని స్నేహితురాళ్ళు చెబితే రోజుకొకటి చొప్పున నాలుగు రెస్టారెంట్లు ఆరుగురికీ బుక్ చేశాను: సిండరెల్లాస్ రాయల్ టేబుల్, బీ అవర్ గెస్ట్, షెఫ్ మిక్కీస్, స్పేస్ 220. ఇప్పుడు మెనూలు చూస్తుంటే గుబులుగా ఉంది. మామగారు గుడ్డు కూడా ముట్టరు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మావారేమో "అంతా దండగ, అన్నీ తీసెయ్" అంటున్నారు. పాపకి సిండరెల్లా అంటే ప్రాణం. ఏవి ఉంచమంటారు, ఏవి తీసెయ్యమంటారు?

సమాధానం: మీవారు చెప్పింది మూడొంతులు నిజం. మిగిలిన ఆ ఒక్క వంతు మీ పాప.

ముందు లెక్క చూద్దాం. కోట లోపలే ఉన్న సిండరెల్లాస్ రాయల్ టేబుల్‌లో పెద్దవాళ్ళ భోజనం రోజును బట్టి 80 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, పిల్లలది 50కి అటూ ఇటూ. డిస్నీ లెక్కలో పిల్లలంటే 3 నుంచి 9 ఏళ్ళ లోపు వాళ్ళే. 10 నిండితే పెద్దల ధరే కాబట్టి మీ బాబు కూడా అక్కడ పెద్దవాడే. ఐదుగురు పెద్దలకీ ఒక పాపకీ కలిపి 450. దాని మీద 6.5 శాతం పన్ను, ఆరుగురు కూర్చున్నారు గనక వాళ్ళే వేసేసే 18 శాతం టిప్పు. మొత్తం 560 డాలర్లు, ఒక్క పూటకి! మామగారు దాన్ని రూపాయల్లోకి మార్చుకున్నారంటే యాభై వేలకు దగ్గర పడుతుంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. బిల్లు మాత్రం మీవైపే పెట్టుకోండి.

మీరు బుక్ చేసిన నాలుగూ తలకింత అని ధర కట్టేవే. షెఫ్ మిక్కీస్‌లో బఫే, మిగతా మూడింటిలో రెండో మూడో వంటకాల భోజనం. తలకింత అన్నచోట శాకాహారికి ఎప్పుడూ నష్టమే. పక్కబల్ల మీద ఆయన ఎర్రటి స్టేక్ కోసుకుంటాడు, మీ మామగారు కూరగాయ ముక్కలు తింటారు, ఇద్దరికీ ఒకటే ధర. కల్యాణమండపం అద్దె భోజనం బిల్లులో కలిపేసినట్టు ఉంటుంది వ్యవహారం. అక్కడ మీరు ఎక్కువగా డబ్బు కడుతున్నది గదికి. వంటకి కాదు. వంట మరీ తీసిపారేసేదిగా ఉంటుందని అనను. ఇవే పదార్థాలు మీ ఊళ్ళో మామూలు అమెరికన్ రెస్టారెంట్లో ఇంతే బాగుంటాయి, ధర సగం ఉంటుంది. అందుకని ఒక్కో బుకింగ్ దగ్గరా ఒక్కటే అడగండి: ఈ గది ఎవరికి కావాలి? కావలసినవాళ్ళకి మాత్రమే కొనండి.

బీ అవర్ గెస్ట్ ఎవరికీ అక్కర్లేదు. మీ ఉత్తరంలో దాన్ని ఎవరూ కోరుకున్నట్టే లేదు, స్నేహితురాళ్ళు తప్ప. అది 2012 నవంబరులో తెరిచారు. మొదట్లో మధ్యాహ్నం పూట అక్కడ మామూలు కౌంటర్ పద్ధతి ఉండేది: మీకు కావలసినది చెప్పుకుని, మామూలు ధరే కట్టి, వెళ్ళి 'బ్యూటీ అండ్ ద బీస్ట్' సినిమాలోని బాల్‌రూమ్‌లా కట్టిన హాల్లో కూర్చునేవారు. పైన మేఘాలు వేసిన కప్పు, కిటికీల అవతల రాలుతున్న మంచు, చవకలో శాండ్‌విచ్. అప్పుడు దాన్ని ఆకాశానికెత్తినవాళ్ళది తప్పేం కాదు. 2018లో రాత్రి భోజనాన్ని తలకింత పద్ధతిలోకి మార్చారు, 2020లో పార్కు మళ్ళీ తెరిచాక మధ్యాహ్నం కూడా అంతే చేశారు. ఇప్పుడు మనిషికి 70 డాలర్ల చిల్లర. పేరు పాతదే నడుస్తోంది, బేరం మారిపోయింది. మీ స్నేహితురాళ్ళు ఏ ఏడాది వెళ్ళారో ఒకసారి అడిగి చూడండి. అక్కడి వంట ఫ్రెంచి బాణీలో ఉంటుంది. ఫ్రెంచి వంట గురించి మామగారి తరఫున ఒక మాట: ఉల్లిపాయ సూప్ పేరులో ఉల్లిపాయ ఒక్కటే వినిపించినా, సంప్రదాయంగా దాన్ని ఎముకలు మరిగించిన బీఫ్ రసంలోనే చేస్తారు. ఈ బుకింగ్ తీసెయ్యండి.

షెఫ్ మిక్కీస్ కూడా అంతే. కంటెంపరరీ హోటల్లో బఫే, మిక్కీ బృందం బల్లల చుట్టూ తిరుగుతుంది, మోనోరైలు హోటల్ లోపలి నుంచే దూసుకుపోతుంది. చెవులు చిల్లులు పడే గోల. అందులో మోనోరైలు చూడటానికి బఫే కొనక్కర్లేదు, ఆ హాల్లో ఎవరైనా నిలబడి చూడొచ్చు. అదే హాల్లో డిస్నీ చిత్రకారిణి మేరీ బ్లెయిర్ గీసిన 90 అడుగుల ఎత్తు పింగాణీ పలకల చిత్రం ఉంది. అందులో ఒక మేకకి ఐదు కాళ్ళుంటాయి. పిల్లల్ని వెతకమనండి, బఫేకన్నా బాగా కాలక్షేపం అవుతుంది. సిండరెల్లా కోట ఉన్న పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి అక్కడికి నడిచి వెళ్ళొచ్చు. మిక్కీతో ఫోటో కావాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాటగానే టౌన్ స్క్వేర్ థియేటర్లో వరస ఉంటుంది, టికెట్టుకు మించి పైసా కట్టక్కర్లేదు. మిక్కీతో కలిసి తినటమే కావాలని పిల్లలు పట్టుబడితే మాత్రం రివియేరా హోటల్లో టోపోలినోస్ టెర్రస్ పొద్దుటి ఫలహారం నయం. అదీ చవక కాదు, అక్కడ వంట మీద కాస్త శ్రద్ధ కనిపిస్తుంది.

ఇక సిండరెల్లా. మీ పాప ఆ కోటలోకి వెళ్ళాలి, అందులో అనుమానం లేదు. ఏడేళ్ళప్పుడు ఉన్న మోజు తొమ్మిదేళ్ళకి ఉంటుందన్న నమ్మకం లేదు. అయితే కోటలోకి మీ ఇంటిల్లిపాదీ వెళ్ళాలని ఎవరన్నారు? మీరూ పాపా ఇద్దరే వెళ్ళండి. 80, 50 కలిపి 130. పన్నూ టిప్పూ వేసుకున్నా 160 దాటి ఎంతో అవ్వదు. 400 డాలర్లు మిగిలాయి. పాపకి గౌను వేసి, మీరూ మంచి బట్టలు కట్టుకుని, రాజకుమార్తెలు బల్ల దగ్గరికి వస్తుంటే తీరిగ్గా ఫోటోలు తీసుకోండి. ఆ గంటన్నరలో మామగారి ప్లేట్లో ఏముందో, బాబు ఎందుకు విసుక్కుంటున్నాడో చూసుకోవలసిన పని ఉండదు. తల్లీకూతుళ్ళకి అలాంటి పూట మళ్ళీ దొరకదేమో కూడా.

"అందర్నీ వదిలి మనిద్దరమే తింటే పెద్దవాళ్ళు ఏమనుకుంటారో" అని మీకు అనిపిస్తుంది. అనిపించాలి కూడా, మన ఇళ్ళల్లో అది చిన్న విషయం కాదు. కానీ మామగారికి వినబడేలా "అక్కడ గుడ్డు తగలకుండా ఏదీ ఉండదేమోనని భయంగా ఉంది, మీకు పులిహోర కలిపి తెస్తాను" అని చూడండి. ఆయన ముఖంలో ఎంత నిశ్చింత కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. కోటలో బల్ల దొరక్కపోతే ఎప్కాట్ అనే ఇంకో డిస్నీ పార్కులో, నార్వే దేశం పేరున్న మండపంలో ఆకెర్స్‌హుస్ రాయల్ బాంక్వెట్ హాల్ ఉంది. అక్కడా రాజకుమార్తెలు వస్తారు, ధర కోటకన్నా తక్కువ. అసలు భోజనమే వద్దు, సిండరెల్లాని చూస్తే చాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ప్రిన్సెస్ ఫెయిరీటేల్ హాల్లో వరసలో నిలబడొచ్చు. ముందు పాపని అడగండి. చాలామంది పిల్లలకి కావలసింది సిండరెల్లా, ఆవిడ వంటిల్లు కాదు.

పులిహోర మాట సరదాకి అనలేదు. డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్ళనిస్తారు. ఈ సంగతి తెలియక రోజుకి రెండు పూటలు బర్గర్లు కొని తినే తెలుగువాళ్ళు ఎంతమందో. షరతులు కొన్ని ఉన్నాయి: గాజు సీసాలు వద్దు, విడి ఐసు వద్దు (గడ్డకట్టే ప్యాకులు పరవాలేదు), వేడి చేస్తే తప్ప తినలేనిది వద్దు. సంచి తెరిచి చూపించాలి, అంతే. కాబట్టి ఆవకాయ గాజుసీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి. చింతపండు పులిహోర ఫ్లోరిడా ఎండకి మధ్యాహ్నం దాకా చక్కగా నిలుస్తుంది, చపాతీలూ అంతే. పెరుగన్నం మాత్రం ఐసు ప్యాకు లేకుండా తేవద్దు. మంచినీళ్ళు కొనక్కర్లేదు. కౌంటర్లో తిండి అమ్మే ఏ చోటైనా అడిగితే కప్పులో ఐసు నీళ్ళు ఊరికే ఇస్తారు.

అత్తగారి మోకాళ్ళ సంగతి వేరు. ఆవిడకి కావలసింది మధ్యాహ్నం రెండింటికి చల్లటి చోట ఒక కుర్చీ. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఖరీదైన రెస్టారెంట్లను మెచ్చుకోవటానికి సగం కారణం ఆ కుర్చీయే అని నా అనుమానం. పొద్దుటినుంచి ఎండలో నడిచి, ఏసీ గదిలో గంటన్నర కూలబడితే ముందు పెట్టింది ఏదైనా అమృతంలానే ఉంటుంది. ఆ కుర్చీ మనిషికి 70 డాలర్లు పెట్టకుండానే దొరుకుతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కేరసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అని ఒక ప్రదర్శన ఉంది, 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసింది. ఇరవై నిమిషాలు చల్లగా కూర్చోవచ్చు, కూర్చున్న హాలే తిరుగుతుంది. వరస పెద్దగా ఉండదు. హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్ కూడా అలాంటిదే. అందులో అమెరికా అధ్యక్షుల బొమ్మలు మాట్లాడతాయి. అర్థం కాకపోయినా కునుకు తియ్యొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పార్కు గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది. మొదటిరోజు "నాకెందుకూ" అంటారు, అయినా తీసుకోండి.

స్పేస్ 220 మీద నా అభిప్రాయం రెండుగా ఉంది. 2021లో ఎప్కాట్‌లో తెరిచారు. లిఫ్టులోకి ఎక్కితే భూమి నుంచి 220 మైళ్ళ పైకి వెళ్తున్నట్టు కాళ్ళ కింద కనిపిస్తుంది, పైకి వెళ్ళాక పెద్ద కిటికీల్లోంచి భూగోళం. ఆ మొదటి పది నిమిషాలు నిజంగా బాగుంటాయి. తర్వాతి గంటంతా మామూలు రెస్టారెంటు, కిటికీలో తెర. మీ అత్తగారికి తల తిరగటం తప్ప ఒరిగేదేం లేదు. మీ బాబు అంతరిక్షం పిచ్చి ఉన్నవాడైతే తండ్రీకొడుకులు ఇద్దరే వెళ్ళమనండి, అదీ మధ్యాహ్నం. అప్పుడు ధర తక్కువ. రాత్రికి ఇంకా ఎక్కువ అవుతుంది, కిటికీలో కనిపించేది అదే భూమి. అక్కడి లౌంజ్‌లో ఏది తింటే దానికే డబ్బు, తలకింత లెక్క లేదు. చోటు దొరికితే అదే మేలు. పిల్లవాడికి ఆ పిచ్చి లేకపోతే ఇదీ తీసెయ్యండి. మీ ఉత్తరంలో బాబుకి ఏమిష్టమో ఒక్క ముక్క కూడా లేదు, అడిగి చూడండి.

వాళ్ళు అక్కడుండగా మీరు మామగారిని అదే పార్కులో ల్యాండ్ మండపానికి తీసుకెళ్ళండి. లివింగ్ విత్ ద ల్యాండ్ అని నెమ్మదిగా సాగే పడవ ప్రయాణం, పావుగంట లోపు. పడవ గ్రీన్‌హౌసుల మధ్యనుంచి పోతుంది. మట్టి లేకుండా నీళ్ళలో పెంచుతున్న టమాటాలు, వంకాయలు, పందిరికి వేలాడే గుమ్మడికాయలు ఉంటాయి. అక్కడ పండినవి ఎప్కాట్ రెస్టారెంట్లలోనే వాడతారు. కృష్ణా డెల్టా మనిషికి ఆ పార్కంతటిలోకీ నచ్చేది అదొక్కటే కావచ్చు. ఎరువు ఏది వేస్తారు, ఎకరానికి ఎంత వస్తుంది అని మిమ్మల్ని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. పక్కనే సీస్ మండపం. అందులో 57 లక్షల గ్యాలన్ల అక్వేరియం ఉంది. దానికి ఒకవైపు గోడ కోరల్ రీఫ్ అనే రెస్టారెంటుది, చేపల్ని చూస్తూ చేపలు తినటానికి జనం బాగానే డబ్బు పెడతారు. రెండోవైపు నుంచి అవే చేపల్ని ఎవరైనా ఎంతసేపైనా ఊరికే చూడొచ్చు.

ఆరుగురూ కలిసి ఒక్క బల్ల దగ్గర కూర్చోవాలి కదా, ఒక్క పూటైనా. దానికి నేను చెప్పేది సనా అనే రెస్టారెంటు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో కిడానీ విలేజ్ అనే భాగంలో ఉంది, 2009లో తెరిచారు. హోటల్లోది కాబట్టి పార్కు టికెట్టు అక్కర్లేదు. కారులో వెళ్తే, బుకింగ్ ఉన్నవాళ్ళకి పార్కింగ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కిటికీ బయట గడ్డిమైదానంలో జిరాఫీలూ జీబ్రాలూ తిరుగుతుంటాయి, నిజమైనవి. ఆఫ్రికా వంటలకి భారతీయ మసాలా కలిపిన మెనూ, ఏది చెప్పుకుంటే దానికే ధర. అక్కడి బ్రెడ్ సర్వీస్‌ని అమెరికన్లు తెగ పొగుడుతారు: రకరకాల నాన్‌లూ కుల్చాలూ పరాఠాలూ, వాటితో తొమ్మిది గిన్నెల్లో రైతా, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి ఊరగాయ వగైరా. మనకి ఆ రైతాలో ఆశ్చర్యమేమీ లేదు. నాన్‌కీ ఊరగాయకీ ఇరవై డాలర్ల పైన కట్టటమేమిటని మీవారు తప్పకుండా అంటారు. అననివ్వండి. ఆరుగురికి రెండు పళ్ళేలు మధ్యలో పెట్టుకుని, పిల్లలకి ఇంకేదైనా చెబితే, కోట బిల్లులో మూడో వంతుకీ కాస్త అటూ ఇటూ తేలుతుంది. మామగారు ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి ప్లేటు ఖాళీ చేస్తారు. యానిమల్ కింగ్‌డమ్ చూసే రోజునే పెట్టుకోండి, పార్కు నుంచి లాడ్జ్‌కి బస్సు ఉంది. పొద్దుగూకేలోగా బల్ల దొరికేలా చూసుకోండి. చీకటి పడ్డాక జిరాఫీలు సరిగ్గా కనిపించవు, డబ్బు కట్టింది కిటికీకే అయినప్పుడు ఆ మాత్రం చూసుకోవాలి.

అదే లాడ్జ్‌లో బోమా అని ఇంకో బఫే ఉంది, కూరగాయల వంటలు చాలానే ఉంటాయి. మీకు సనాలో చోటు దొరక్కపోతే అదీ మంచిదే. కాకపోతే అక్కడ అందరూ ఎగబడే జీబ్రా డోమ్ అనే చాక్లెట్ మిఠాయిలో అమరులా అనే మద్యం కలుస్తుంది. అది పెద్దవాళ్ళకీ పిల్లలకీ పెట్టకండి.

మామగారి తిండి గురించి ఎక్కడికెళ్ళినా "వెజిటేరియన్" అని ఊరుకోవద్దు. అమెరికాలో ఆ మాటకి గుడ్డు అడ్డు కాదు, సూప్‌లో చికెన్ రసం కూడా కొందరికి అడ్డు కాదు. డిస్నీ మెనూల్లో 2019 నుంచి చిన్న ఆకు గుర్తు వేస్తున్నారు. ఆ గుర్తున్న వంటకంలో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ఉండవు. మామగారికి పాలూ పెరుగూ పరవాలేదు కాబట్టి అది అవసరానికి మించిన కట్టుబాటే, అయినా గుడ్డు భయం తీరుతుంది. మిగతావాటికి వడ్డించేవాళ్ళని "గుడ్డు లేదు, మాంసం లేదు, మాంసం ఉడికించిన నీళ్ళు లేవు" అని మూడు ముక్కలూ విడివిడిగా చెప్పి అడగండి. వాళ్ళు ఓపిగ్గా వంటింట్లోకి వెళ్ళి కనుక్కొస్తారు, ఆ విషయంలో డిస్నీని మెచ్చుకోవాలి.

తీసెయ్యటం సులువే. చాలా రెస్టారెంట్లకి బల్ల సమయానికి 2 గంటల ముందు వరకు ఆన్‌లైన్‌లోనే తీసెయ్యొచ్చు. ఆలస్యమైతే మనిషికి 10 డాలర్లు కార్డు మీద పడతాయి, మీకైతే 60. సిండరెల్లా బుకింగ్ మాత్రం వెంటనే ముట్టుకోవద్దు. ముందు ఇద్దరికి వేరే వేళలో దొరుకుతుందేమో చూడండి, అది చేతికొచ్చాకే ఆరుగురిదీ వదలండి. ఇద్దరికి బల్ల దొరకటం ఆరుగురికి దొరకటంకన్నా ఎప్పుడూ తేలిక. సనాకి ఈరోజు చోటు లేకపోయినా దిగులు పడొద్దు. 2 గంటల నిబంధన పుణ్యమా అని జనం ముందురోజు రాత్రీ, ఆ పొద్దున్నా చాలానే వదిలేస్తుంటారు, యాప్ తెరిచి చూస్తూ ఉండండి.

ఒకటి మర్చిపోయాను. సనాలో కూడా మీరు ఆరుగురే కాబట్టి 18 శాతం టిప్పు బిల్లులోనే వేసేస్తారు. ఆ కింద టిప్పు అని మళ్ళీ ఒక ఖాళీ గీత ఉంటుంది. అలవాటు ప్రకారం అక్కడ ఇంకో 20 శాతం రాసేసి వచ్చేవాళ్ళు చాలామంది, పైన వేశారో లేదో చూసుకుని సంతకం పెట్టమని మీవారికి చెప్పండి.